గేమ్ బొమ్మలు: తక్కువ డబ్బులో ఏది కొనాలి, ఏది మనమే చేసుకోవాలి

చేతిలో రెండు మూడు వేలున్నాయి. బల్ల మీద మనకిష్టమైన వీడియో గేమ్ పాత్ర నిలబడాలి: స్ట్రీట్ ఫైటర్ ర్యూ, లేదంటే గాడ్ ఆఫ్ వార్ క్రేటోస్, లేదంటే మోర్టల్ కాంబాట్ సబ్-జీరో. ఫోన్లో వెతికితే ఒకే పాత్ర ఆరు వందలకూ దొరుకుతుంది, పన్నెండు వేలకూ దొరుకుతుంది. ఫొటోల్లో రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఇక్కడే చాలామంది రోజుల తరబడి ఆగిపోతారు, చివరికి ముఖం బాగుందని ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేస్తారు.

నన్నడిగితే ముఖం సంగతి చివర్లో చూసుకోవచ్చు. ముందు కీళ్లు చూడండి. రంగు బాగా లేకపోతే మళ్లీ వేసుకుంటాం, తల నచ్చకపోతే మారుస్తాం, బట్టలు కుట్టుకుంటాం. తుంటి దగ్గర కీలు నాసిరకందైతే మాత్రం ఎంత అందమైన బొమ్మయినా గోడకు ఆనించి పెట్టాల్సిందే. తక్కువ బడ్జెట్ వాళ్లు డబ్బు బొమ్మ ఒంటి మీద, అంటే కీళ్ల మీద పెట్టాలి, పైన కనిపించేదంతా సొంత చేతులతో చేసుకోవాలి. కింద చెప్పేదంతా ఈ లెక్కతోనే.

## కొనేముందు నాలుగు సంగతులు

సైజు. 1/12 స్కేల్ అంటే ఆరడుగుల మనిషి సుమారు 15 సెంటీమీటర్లు. జపాన్ ఫిగ్మా, ఎస్.హెచ్.ఫిగువార్ట్స్, హాంకాంగ్ స్టార్మ్ కలెక్టిబుల్స్, అమెరికా జాడా వాళ్ల స్ట్రీట్ ఫైటర్ బొమ్మలు దాదాపు ఈ కొలతలోనే వస్తాయి. నెకా, మెక్‌ఫార్లేన్ వాళ్లవి ఏడు అంగుళాలు, అంటే 18 సెంటీమీటర్ల దాకా. దీని తల దానికి పెడితే సరిపడదు, దీని కత్తి దాని చేతిలో గడ్డపారలా ఉంటుంది. ఒక సైజు ఎంచుకుని దాన్నే పట్టుకోండి. కస్టమ్ చేయాలనుకునే, అంటే కొన్న బొమ్మను తమకు నచ్చినట్టు మార్చుకునే వాళ్లకు 1/12 నయం, విడి చేతులు, తలలు, ఆయుధాలు ఆ కొలతలోనే ఎక్కువ.

ప్లాస్టిక్. గట్టి భాగాలు ఏబీఎస్, మెత్తటి భాగాలు పీవీసీ, కొన్ని కీళ్లు పీఓఎం అనే నున్నటి ప్లాస్టిక్. ఏబీఎస్ మీద రంగు బాగా పడుతుంది. పీఓఎం మీద ఏ రంగూ నిలవదు. మెత్తటి పీవీసీ మీద ఎనామిల్ రంగు వేస్తే నెలలు గడిచినా వేలికి అంటుకుంటూనే ఉంటుంది.

ఇంటికి చేరే ధర. విదేశీ సైట్లో కనిపించే ధర సగం కథే. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. ఇప్పటి రేటు ఆర్డర్ పెట్టే రోజున చూసుకోండి. షిప్పింగ్, సుంకం, కొరియర్ వాళ్ల ఛార్జీ అన్నీ కలిపాకే పక్క బొమ్మతో పోల్చాలి.

మన ఎండ, మన దుమ్ము. వరంగల్‌లో మే నెల సంగతి చెప్పక్కర్లేదు. రామగుండం, మంచిర్యాల వైపు ఇంకా ఎక్కువ. ఆ వేడికి పీవీసీ కాళ్లు మెల్లగా వంగి బొమ్మ ముందుకు ఒరుగుతుంది. బొగ్గు గనుల ఊళ్లలో నల్లటి దుమ్ము కీళ్ల సందుల్లో చేరి కీలు తిప్పినప్పుడల్లా రంగును గీకేస్తుంది. అద్దాల అల్మరా లేనివాళ్లు తెల్ల బొమ్మల జోలికి పోకపోవడం మంచిది.

ఫంకో పాప్, అమీబో లాంటివి ఈ పోలికలో కలపలేదు. వాటికి ఒంట్లో కీళ్లుండవు, పెట్టినట్టే నిలబడతాయి. షెల్ఫుకు అందం చాలనుకుంటే అవి బాగానే ఉంటాయి.

## ఒక్కచోట చూస్తే

| రకం | ఖర్చు | కీళ్లు | రంగుకు, మార్పులకు | ఎవరికి |
|---|---|---|---|---|
| జపాన్ ఫిగర్లు కొత్తవి | చాలా ఎక్కువ | చాలా బాగుంటాయి | చేయి వేయాలంటే భయం | ఒక్క పాత్రే కావాలనే వాళ్లకు |
| జాడా, హాస్‌బ్రో, మెక్‌ఫార్లేన్ | మధ్యస్థం | బాగుంటాయి | బాగా అనుకూలం | మొదటిసారి కొనేవాళ్లకు |
| సెకండ్ హ్యాండ్, పెట్టె లేనివి | తక్కువ నుంచి మధ్యస్థం | చూసి కొనాలి | అన్నిటికంటే అనుకూలం | కస్టమ్ చేసేవాళ్లకు |
| కాపీ బొమ్మలు | తక్కువ | అదృష్టం | విడి భాగాలకు | అనుభవం ఉన్నవాళ్లకు |
| జాతర, బజారు బొమ్మలు | చాలా తక్కువ | అంతంత మాత్రం | చేయి తిరగడానికి | నేర్చుకునే వాళ్లకు |
| 3డీ ప్రింట్ | ఫైలును బట్టి | ఒంటికి వద్దు | తలలు, ఆయుధాలకు | రెండో బొమ్మ నుంచి |

## కొత్త జపాన్ ఫిగర్లు

ఫిగ్మా, ఎస్.హెచ్.ఫిగువార్ట్స్ రెండూ 2008లో మొదలైన వరుసలు. లింక్, సామస్, సాలిడ్ స్నేక్ లాంటి గేమ్ పాత్రలు ఫిగ్మాలో వచ్చాయి. మోకాలు పూర్తిగా మడిచినా ఆకారం చెడదు, నాలుగైదు జతల చేతులు, మార్చుకునే ముఖాలు పెట్టెలోనే వస్తాయి. ధర జపాన్‌లోనే పది వేల యెన్‌ల చుట్టూ తిరుగుతుంది, దానికి పైన చెప్పిన ఖర్చులన్నీ కలుస్తాయి. ఇంత పెట్టి కొన్నదాని మీద గరుకు కాగితం పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. తక్కువ బడ్జెట్‌లో కస్టమ్ చేద్దామనుకునే వాళ్లు ఈ వరుసను తర్వాతికి వదిలేయొచ్చు.

## మధ్య రకం

కొత్త పెట్టె విప్పే సంబరమూ కావాలి, జేబూ ఖాళీ కావొద్దంటే ఇక్కడ ఆగండి. జాడా వాళ్ల స్ట్రీట్ ఫైటర్ వరుస 2023లో మొదలైంది. అమెరికాలో పాతిక డాలర్ల చుట్టూ పలికే ఆ బొమ్మల కీళ్లు చూస్తే ధర తక్కువే అనిపిస్తుంది. హాస్‌బ్రో మార్వెల్ లెజెండ్స్‌లో గేమర్‌వర్స్ అని గేమ్ వేషాల్లో వచ్చే స్పైడర్‌మ్యాన్ వగైరా ఉన్నాయి. పెద్ద ఆన్‌లైన్ దుకాణాల్లో అప్పుడప్పుడూ దొరుకుతాయి, పండగ సేల్స్‌లో ధర దిగుతుంది. మెక్‌ఫార్లేన్ మోర్టల్ కాంబాట్ బొమ్మల్లో చెక్కుడు పని బాగుంటుంది, కాళ్ల కదలిక మాత్రం జాడా అంత ఉండదు.

నెకా బొమ్మల గురించి ఒక హెచ్చరిక. క్రేటోస్ లాంటివాటి చెక్కుడు, రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ పెట్టె విప్పగానే కీలు బిగుసుకుని ఉంటుంది. బలవంతంగా తిప్పితే లోపలి పిన్ను విరుగుతుంది. ముందు వేడి నీళ్లలో నిమిషం ముంచి లేదా హెయిర్ డ్రయ్యర్ పట్టి, మెత్తబడ్డాక తిప్పండి. శంషాబాద్‌లో దిగి కొరియర్లో హన్మకొండ దాకా వచ్చిన బొమ్మను ఆత్రంతో విరగ్గొట్టుకున్న వాళ్లు తక్కువేం లేరు.

## సెకండ్ హ్యాండ్: నా ఓటు దీనికే

పెట్టె లేదని, ఒక చేయి పోయిందని, పెయింట్ గీరుకుపోయిందని కలెక్టర్లు వదిలించుకునే బొమ్మలు కస్టమ్ చేసేవాళ్లకు బంగారం. వాళ్లు లోపం అనుకునేదంతా మనం ఎలాగూ తీసేసి మళ్లీ చేసేదే. మన వైపు ఇవి అమ్మే దుకాణం వెతికినా దొరకదు. హైదరాబాద్, బెంగళూరు కలెక్టర్ల దగ్గరి నుంచి పార్శిల్‌గా తెప్పించుకోవడమే దారి. హైదరాబాద్ మనిషైతే ఆర్టీసీ కార్గోలో వేయమనండి, హన్మకొండ బస్టాండ్‌లో తీసుకోవచ్చు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలెక్కి ఎదురుగా చూసి కొంటే ఇంకా మేలు.

ఫొటోలు చూసి డబ్బు పంపకండి. వీడియో అడగండి. ఆ వీడియోలో మూడు విషయాలు కనిపించాలి. ఒకటి, బొమ్మను ఒంటికాలి మీద ఆసరా లేకుండా కాసేపు నిలబెట్టాలి. రెండు, నడుము దగ్గర పట్టుకుని మెల్లగా ఊపితే చేతులు జారిపోకుండా ఉన్నచోటే ఉండాలి. మూడు, మోకాలు, మోచేయి మడిచి కెమెరా దగ్గరికి తేవాలి. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ తెల్లబడి ఉంటే అక్కడ ఒత్తిడి పడిందని అర్థం, ఇవ్వాళ కాకపోతే రేపు విరుగుతుంది. అమ్మేవాడు వీడియోకు విసుక్కుంటే ఆ బేరం మనది కాదనుకుని వదిలేయండి.

కొన్ని లోపాలకు భయపడనక్కర్లేదు. వదులైన కీలు బాగవుతుంది. కీలు విప్పి, బంతి మీద ఫెవికాల్ పలుచగా రాసి, రాత్రంతా ఆరనిచ్చి మళ్లీ తొడగండి. ఫెవిక్విక్‌తో కూడా చేస్తారు, అది గట్టిగా పట్టుకుంటుంది కానీ ఆరేదాకా కీలు తిప్పుతూనే ఉండాలి, ఆపితే అక్కడే అతుక్కుని ఇక జన్మలో కదలదు. వంగిన కాలును వేడి నీళ్లలో పెట్టి, తిన్నగా పట్టుకుని వెంటనే చల్లటి నీళ్లలో ముంచితే నిలుస్తుంది. ఒళ్లంతా జిగట జిగటగా ఉంటే అది మెత్తటి పీవీసీ వేడికి చెమర్చడమే, గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి గాలి తగిలేలా పెట్టండి. ఎండకు పసుపెక్కిన తెల్ల ప్లాస్టిక్ మాత్రం రంగు వేస్తే తప్ప దాగదు.

## కాపీ బొమ్మలు

వీటి గురించి తెలుసుకోకుండా ఎవరూ ఈ హాబీలో సాగరు, ఎందుకంటే ఆన్‌లైన్‌లో సగం ఇవే. అసలు పెట్టె ఫొటో పెట్టి, లోపల నకిలీ పంపుతారు. అసలు ధరలో నాలుగో వంతుకు "ఒరిజినల్ పీస్" అంటే అర్థం అయిపోవాలి. ఘాటైన వాసన, మొద్దుబారిన ముఖం, నూనె పూసినట్టు మెరిసే చర్మం వీటి గుర్తులు. అసలు తయారీదారుకు పైసా ముట్టదనేది సరే, ఆ రంగుల్లో, ప్లాస్టిక్‌లో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. మన దేశంలో పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లోకి గుర్తు లేని బొమ్మను తేవద్దు. ఒక చేయి, ఒక గన్ను, ఒక బూటు కోసం భాగాలు తీసుకోవడానికి తప్ప నేను వీటిని సిఫారసు చేయను.

## జాతర బొమ్మల మీద చేయి తిప్పుకోవడం

ఐనవోలు మల్లన్న జాతరలో, మేడారంలో, హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల్లో ప్లాస్టిక్ సైనికుల బొమ్మలు గుట్టలుగా ఉంటాయి. మోచేయి మడవదు, మోకాలు ఉందంటే ఉంది. కానీ కస్టమ్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పలక లేదు. పాడైతే వంద రూపాయలు పోయాయి, అంతే.

మనోళ్లకు బాగా తెలిసిన ఫోన్ షూటింగ్ గేమ్ బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆటగాడినే తీసుకోండి. దాన్ని బజారు సైనికుడి మీద చేయొచ్చు, ఏ లైసెన్స్ బొమ్మా అక్కర్లేదు.

నడుముకు వేలాడే పెనం: మెడికల్ షాపులో అడిగితే ఇంజెక్షన్ సీసాల మీది వాడని ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి. వాటిలో పెద్దవి అటూ ఇటూ రెండు సెంటీమీటర్లుంటాయి. 1/12లో అది 24 సెంటీమీటర్ల పెనం, అచ్చం వంటింటి కొలతే. చీపురు పుల్ల ముక్క పిడి, నల్ల రంగు ఒక పూత, అంచుల్లో కొద్దిగా వెండి రంగు గీకితే వాడిన పెనంలా వస్తుంది.

లెవల్ 3 హెల్మెట్: తల మీద పలుచటి పాలిథిన్ చుట్టి, దాని మీద ఎం-సీల్ పిండిని తడి వేళ్లతో అద్దండి. గంటకు గట్టిపడుతుంది, పాలిథిన్ ఉండడంతో టోపీలా ఊడి వస్తుంది. అప్పుడు గరుకు కాగితంతో తీర్చుకోవచ్చు. ఎం-సీల్‌తో పని చేసేటప్పుడు గ్లవుజులు, రుద్దేటప్పుడు మాస్కు ఉండాలి.

గిల్లీ సూట్ (గడ్డిలో కలిసిపోయేలా వేసుకునే వేషం): గోనె సంచి పీచు లాగి, ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో ముంచి ఆరబెట్టి, పాత బనీను గుడ్డ మీద ఫెవికాల్‌తో వరుసలుగా అతికించాలి. ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్తే పాత సంచులకు కొదవ లేదు. బియ్యం సంచే అడగండి. మిర్చి సంచి పీచు లాగితే గది మొత్తం తుమ్ములే.

## 3డీ ప్రింట్

ఒళ్లంతా ప్రింట్ చేయించుకుందామనే ఆశ మొదట్లో అందరికీ ఉంటుంది. కీళ్లు ప్రింట్ చేస్తే కొద్దిసార్లు తిప్పగానే అరిగి వదులవుతాయి, రెజిన్ (వెలుతురుతో గట్టిపరిచే ద్రవం) తో చేసినవైతే పుటుక్కున విరుగుతాయి. తల, చేతులు, కవచం, ఆయుధం వరకే పెట్టుకోండి. 1/12 తల రెండు సెంటీమీటర్లుంటుంది, ఆ చిన్న ముఖంలో పీఎల్ఏ ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పోసే మామూలు ప్రింటర్ గీతలు చెంపల మీద కనిపిస్తాయి. తలలకు రెజిన్, పెద్ద గొడ్డళ్లకు, స్టాండ్లకు పీఎల్ఏ. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో పెట్టిన కార్లో వదిలేస్తే వంగుతుంది. సొంత రెజిన్ ప్రింటర్ కొనాలంటే కడగడానికి ఆల్కహాల్, యూవీ దీపం, గాలాడే గది కావాలి. హాస్టల్లో ఉండేవాళ్లు ఆ ఆలోచన మానుకుని డిజైన్ ఫైలు పంపి బయట ప్రింట్ చేయించుకోవడమే మంచిది.

## రంగు డబ్బు ఎక్కడ పెట్టాలి

ముందు సబ్బుతో కడగాలి, అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన నూనె పోవాలి. తర్వాత రంగు పట్టడానికి ప్రైమర్ పూత, ఆ మీద అక్రిలిక్ రంగు. స్టేషనరీ షాపుల్లో దొరికే క్యామెల్ ఆర్టిస్ట్ అక్రిలిక్ సరిపోతుంది, దిగుమతి రంగులు అక్కర్లేదు. నీళ్లు కలిపి పలుచ చేసి మూడు నాలుగు పూతలు వేయండి, ఒక్క మందపాటి పూత కీళ్ల దగ్గర తొక్కలా లేచిపోతుంది. కీలు లోపలి గోడను కొద్దిగా రుద్ది సందు చేస్తేనే రంగు గీరుకుపోదు. థిన్నర్ దగ్గరికి కూడా రానివ్వకండి, అది ఏబీఎస్‌ను కరిగించి పగలగొడుతుంది.

మెరుపు తగ్గించడానికి చివర్లో కొట్టే మ్యాట్ స్ప్రేకు ముసురు లేని రోజు చూసుకోండి. ఆగస్టు వానల్లో కొడితే తేమకు తెల్లటి పొర పట్టి, నల్లటి నింజా బూడిద నింజా అవుతాడు. బ్రష్షుల్లో మాత్రం పిసినారితనం వద్దు, కళ్లు దిద్దడానికి మొన తిన్నగా ఉన్న ఒక్క మంచి బ్రష్షు కావాలి.

పైటలు, కేపులకు టైలర్ దగ్గర మిగిలే లైనింగ్ ముక్కలు చాలు. అంచు మడతలో మోటార్ రీవైండింగ్ షాపు నుంచి తెచ్చిన సన్నటి రాగి తీగ పెట్టి కుడితే కేపు గాలికి ఎగిరినట్టు వంచి నిలపవచ్చు.

బొమ్మ కింద రాతి నేల, శిథిల గోడ కావాలంటే మన జిల్లాల పాత పద్ధతే ఉంది. చేర్యాల మాస్కులకు, నిర్మల్ పొణికి కర్ర బొమ్మలకు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి వాడతారు. అదే మిశ్రమంతో ఓరుగల్లు కోటలో కూలి పడ్డ రాళ్లలాంటి నేల పోసుకోవచ్చు. ఆరడానికి రోజులు పడుతుంది, వానాకాలంలో బూజు పట్టే ప్రమాదమూ ఉంది, పైన వార్నిష్ తప్పనిసరి.

## ఎవరు ఏం కొనాలి

హాస్టల్ విద్యార్థి: ఒకే ఒక్క 1/12 సెకండ్ హ్యాండ్ బొమ్మ, దానికి రెండు విడి తలలు. సూట్‌కేసులో పట్టేంతకు మించి కొనకండి. స్ప్రేలు వద్దు, బ్రష్షుతోనే చేయండి, రూమ్మేట్లు బతకనివ్వాలి కదా.

పదేళ్ల బాబుకు కొనే నాన్న: ఐఎస్ఐ గుర్తున్న మామూలు బొమ్మ. కలెక్టర్ బొమ్మల చేతులు చిన్నవి, మొనలు వాడివి, మూడో రోజుకే పోతాయి. కస్టమ్ సరదా ఉంటే ఇద్దరూ కలిసి బజారు సైనికుడికి అక్రిలిక్ వేయండి, ఎం-సీల్, బ్లేడు పని నాన్నది.

ఫొటోలు తీసేవాళ్లు: ఇక్కడ మాత్రం కీళ్ల కోసం జాడా స్థాయికి తగ్గకండి. కోటలో కాకతీయ తోరణం ముందు ఫోన్ను నేలకు ఆనించి పట్టి, బొమ్మను కెమెరాకు జానెడు దూరంలో పెడితే 15 సెంటీమీటర్ల బొమ్మ తోరణమంత ఎత్తు కనిపిస్తుంది. ఒంటికాలి మీద నిలవని బొమ్మతో ఆ ఎండలో ఓపిక నశిస్తుంది.

షెల్ఫు నింపుకునే సరదా ఉన్నవాళ్లు: ఒకే గేమ్ పట్టుకోండి. పది గేముల నుంచి పది బొమ్మల కన్నా ఒకే స్ట్రీట్ ఫైటర్ నుంచి నలుగురు నిలబడితే చూడ్డానికి నిండుగా ఉంటుంది, సైజు తేడా కూడా రాదు.

మూడు వేలే ఉన్నాయంటే నేను పంచే తీరు ఇది: రెండు వేల లోపు మంచి కీళ్లున్న పెట్టె లేని బొమ్మ. ఐదారు వందలు ప్రైమర్‌కు, నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు, నీలం రంగులకు, ఒక మంచి బ్రష్షుకు. ఎం-సీల్, గరుకు కాగితం, ఫెవికాల్ వందలో వస్తాయి. మిగిలింది రెజిన్ తలకు, లేదా పిడికిలి, తెరిచిన అరచేయి ఉన్న విడి చేతుల జతకు. తల కంటే ముందు చేతులే కొనండి.